అబ్‌స్టెయిన్ అంటే గైర్హాజరా? రిఫ్రెయిన్‌కి దీనికి తేడా ఏంటి?

గ్రూప్స్ ప్రిపరేషన్
అందరికీ నమస్తే. తెలుగు మీడియంలో గ్రూప్-2కి చదువుతున్నా. ఉక్రెయిన్ తీర్మానం మీద యూఎన్ ఓటింగ్ గురించి నోట్స్ రాసుకుంటుంటే ఇంగ్లిష్‌లో ఇండియా అబ్‌స్టెయిన్డ్ అని ఉంది, తెలుగులో ఒకచోట గైర్హాజరు, ఇంకోచోట తటస్థం అని రాశారు, గైర్హాజరు అంటే అసలు రాలేదనే కదా? డిక్షనరీలో చూస్తే అబ్‌స్టెయిన్, రిఫ్రెయిన్ రెండిటికీ మానుకొను అనే ఉంది. కాస్త చెప్పండి ప్లీజ్.

పాలిటీ పిచ్చోడు
గైర్హాజరు తప్పు బ్రో. 2022 మార్చి 2 జనరల్ అసెంబ్లీ లెక్క చూడు, అనుకూలం 141, వ్యతిరేకం 5, అబ్‌స్టెయిన్ 35, మొత్తం 181. సభ్యదేశాలేమో 193. అంటే మిగతా 12 దేశాలు అసలు ఓటింగ్‌లోనే లేవు, ఇండియా ఆ 12లో కాదు, 35లో ఉంది. మనవాళ్ళు సభలో కూర్చుని ఆకుపచ్చా ఎరుపూ కాకుండా పసుపు బటన్ నొక్కారు. తటస్థం కొంత నయం గానీ ఓటు వేయకుండా ఉంది అని రాస్తే గొడవే లేదు. ఇంకోటి, మూడింట రెండొంతుల మెజారిటీ లెక్కలో అబ్‌స్టెయిన్ అయినవాళ్ళని కలపరు, అనుకూలం, వ్యతిరేకం కలిపిన 146లోనే చూస్తారు.

నోటాని దీంతో కలపొద్దు. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన నోటా ఈవీఎం మీద ఒక బటన్, అది నొక్కితే ఓటేసినట్టే, లెక్కలో చూపిస్తారు. పోలింగ్ బూత్‌లో ఓటర్ల వివరాలు రాసే 17ఏ రిజిస్టర్లో సంతకం పెట్టాక ఓటేయను అంటే ప్రిసైడింగ్ ఆఫీసర్ అక్కడే ఆ మాట రాసి మళ్ళీ సంతకమో వేలిముద్రో తీసుకునేది ఎన్నికల నిబంధనల్లోని రూల్ 49-ఓ, అబ్‌స్టెయిన్ అంటే అదీ.

ఇంగ్లిష్ టీచర్, కడప
రెండో డౌట్‌కి నేను చెప్తానమ్మా. చేయబోయే పని ఆ కాసేపటికి ఆపుకుంటే రిఫ్రెయిన్. నోటిదాకా వచ్చిన మాట అనకుండా ఆగాడు, హాల్లో ఫోన్ మాట్లాడకండి, ఇలాంటివి. కార్తీకమాసమంతా నాన్‌వెజ్ ముట్టను అని నియమం పెట్టుకుంటే అబ్‌స్టెయిన్. రిఫ్రెయిన్‌లో ఉన్నది లాటిన్ ఫ్రేనమ్, అంటే కళ్ళెం, అందుకే అందులో ఆ లాగి పట్టుకోవడం వినిపిస్తుంది. పాటలో పల్లవిని కూడా రిఫ్రెయిన్ అంటారు గానీ దాని మూలం వేరు.

మా పిల్లలు ఎక్కువ పోగొట్టుకునే మార్కులు ఇక్కడే: రెండిటి తర్వాతా ఫ్రమ్, ఆ వెంటనే పని పేరొస్తే ఐఎన్‌జీ. రిఫ్రెయిన్ టూ స్మోక్ తప్పు, రిఫ్రెయిన్ ఫ్రమ్ స్మోకింగ్ కరెక్ట్. రెండూ మనల్ని మనం ఆపుకోవడమే. ఎదుటివాణ్ణి పట్టి ఆపితే రిస్ట్రెయిన్, అంతేగానీ ఐ రిఫ్రెయిన్డ్ హిమ్ అని రాయకూడదు.

గ్రూప్స్ ప్రిపరేషన్
థాంక్యూ మేడమ్, థాంక్స్ బ్రో, నోట్స్ మార్చేశా. మరి అబ్‌స్టెన్షన్, అబ్‌స్టినెన్స్ రెండూ ఒకటేనా?

ఇంగ్లిష్ టీచర్, కడప
కాదమ్మా. ఓటింగ్ అయితే అబ్‌స్టెన్షన్, మందూ మాంసం లాంటివి మానడం అబ్‌స్టినెన్స్. ఇండియాస్ అబ్‌స్టినెన్స్ అని మాత్రం ఆన్సర్ షీట్‌లో రాయకు.