బట్టీ పట్టకుండా ప్రాబబిలిటీ, రాండమ్ వేరియబుల్ లెక్కలు ఎట్లా ప్రాక్టీస్ చేయాలి?

నయీంనగర్ హాస్టల్:
అందరికీ నమస్తే. హన్మకొండలో బీఎస్సీ ఫస్ట్ ఇయర్, స్టాటిస్టిక్స్ గ్రూప్. చేసి పెట్టిన లెక్క చదివితే అంతా తెలిసినట్టే ఉంటుంది, నోట్స్ మూసి అదే లెక్క చేద్దామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. మొన్న సార్ ఇచ్చిన లెక్క చూడండి: గోదాంలో 10 మిర్చి బస్తాలున్నాయి, వాటిలో 3 తాలు. చూడకుండా 2 బస్తాలు తీస్తే అందులో తాలు బస్తాల సంఖ్య ఎక్స్. ఎక్స్ విభాజనం (ఏ విలువ ఎంత సంభావ్యతతో, అంటే ప్రాబబిలిటీతో, వస్తుందో చెప్పే పట్టిక), సగటు కనుక్కోవాలి. ఒకటే తాలు రావడానికి నాకు కాంబినేషన్లతో 7/15 వచ్చింది, రూమ్మేట్‌కు 7/30. వాడు 3/10 ఇంటూ 7/9 అని నీట్‌గా చేసి చూపిస్తున్నాడు, తప్పెక్కడుందో నాకు దొరకడం లేదు, అర్ధరాత్రి దాకా ఇదే కొట్లాట. ఇంకోటి, ఇండిపెండెంట్, మ్యూచువల్లీ ఎక్స్‌క్లూజివ్ రెండూ ఒకటే అనిపిస్తాయి. పరీక్షకు నెల కూడా లేదు, మస్తు టెన్షన్‌గా ఉంది. రోజుకు ఎన్ని లెక్కలు చేయాలి, ఏ వరుసలో చేయాలి?

కాజీపేట జంక్షన్:
తమ్మీ, నీదే కరెక్ట్. మీవాడు లెక్కేసింది 'ముందు తాలు, తర్వాత మంచిది' అనే వరుస ఒక్కటే. ముందు మంచిది వచ్చి తర్వాత తాలు వచ్చినా ఎక్స్ విలువ 1 కదా, అది 7/10 ఇంటూ 3/9, మళ్లీ 7/30. రెండూ కలిపితే 7/15.

అయినా దీనికి కొట్లాడే పని లేదు, పట్టిక పూర్తిగా రాస్తే అదే తీర్పు చెప్పేది. ఎక్స్ 0 అయితే 7/15, 2 అయితే 1/15. వీటికి మీవాడి 7/30 కలిపితే 23/30 దగ్గర ఆగిపోతుంది. మొత్తం 1 రావాలి, ఇంకో 7/30 ఎక్కడో జారిపోయిందని అక్కడే కనబడుతోంది. సగటు 7/15 + 2/15, అంటే 3/5.

రోజుకు ఎన్ని అని లెక్కపెట్టుకోకు. ఒకే లెక్కను మార్చి మార్చి చెయ్యి. మొదటి బస్తా చూసి మళ్లీ అక్కడే పెట్టి రెండోది తీస్తే ఏమవుతుంది? అప్పుడది ద్విపద (బైనామియల్) విభాజనం: ఎక్స్ 0, 1, 2కు వరుసగా 0.49, 0.42, 0.09. సగటు అదే 0.6 వస్తుంది, విస్తృతి (వేరియన్స్, అంటే విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పేది) మాత్రం 0.42. తిరిగి పెట్టకుండా తీసినప్పుడు విస్తృతి 28/75, సుమారు 0.373. సగటు ఎందుకు మారలేదు, విస్తృతి ఎందుకు తగ్గింది అని కాసేపు కూర్చుని ఆలోచించు, గైడ్‌లో ఇరవై లెక్కలు దించుకున్నదానికంటే అదే ఎక్కువ పనికొస్తుంది. సగటు గురించి ఒక చిన్న మాట: మొదటి బస్తా ఏదో నువ్వు చూడనంతసేపు రెండో బస్తా తాలు అయ్యే సంభావ్యత కూడా 3/10నే.

ఏ లెక్కైనా మొదటి లైన్‌లో ఎక్స్ దేన్ని లెక్కబెడుతుందో మాటల్లో రాయి. ఆ లైన్ రాయలేకపోతే ఫార్ములా జోలికి పోకు.

పాత లెక్కల సార్:
నీ రెండో డౌట్ నేను చెప్తా బాబూ, ఏటా క్లాసులో సగం మంది అడిగేదే. పాచిక ఒకసారి వేస్తే సరి సంఖ్య, బేసి సంఖ్య రెండూ కలిసి రావు, అవి పరస్పర వివర్జితాలు, అంటే నువ్వన్న మ్యూచువల్లీ ఎక్స్‌క్లూజివ్. సరి వచ్చిందని తెలిస్తే బేసి రాలేదని వెంటనే తెలిసిపోతుంది, అంటే ఒకదాని కబురు రెండోదాన్ని పూర్తిగా తేల్చేస్తోంది. మరి స్వతంత్రం (ఇండిపెండెంట్), అంటే ఒకదాని కబురు రెండోదాని సంభావ్యతను మార్చనివి, ఎట్లా అవుతాయి? ఇప్పుడు సరి సంఖ్య రావడం, 4 లేదా అంతకు తక్కువ రావడం తీసుకో. సంభావ్యతలు 1/2, 2/3. రెండూ కలిసేది 2, 4 దగ్గర, అంటే 1/3, సరిగ్గా ఆ రెంటి లబ్ధం. ఇవి స్వతంత్రం. సంభావ్యత సున్నా కాని రెండు ఘటనలు ఒకేసారి వివర్జితాలూ స్వతంత్రాలూ కాలేవు, ఇది రెండు లైన్లలో నిరూపించి చూడు.

'కనీసం ఒకటి' అన్న మాట లెక్కలో కనబడితే తిప్పి చెయ్యి, ఒక్కటీ రాకపోవడం కనుక్కుని 1 నుంచి తీసెయ్యి. నాలుగుసార్లు పాచిక వేస్తే కనీసం ఒక ఆరు రావడం 671/1296, సగం కంటే కాస్త ఎక్కువ. రెండు పాచికలతో 24 సార్లు వేస్తే కనీసం ఒకసారి రెండు ఆర్లు రావడం సుమారు 0.491, సగం కంటే తక్కువ. 1654లో పాస్కల్, ఫెర్మా మధ్య నడిచిన ఉత్తరాల్లో ఈ జూదం లెక్క కూడా ఉంది. అంటే ఈ సబ్జెక్టు పుట్టింది పేకాటరాయుళ్ల పుణ్యమానే అనుకో!

మేడం, పరకాల:
పై ఇద్దరూ చెప్పింది బాగుంది కానీ పరీక్ష హాల్లో కూర్చుని ఆలోచించేంత టైమ్ ఉండదు, కొన్ని రకాలు చేతికి అలవాటు కావాల్సిందే. ఒకటి, పట్టికలో సంభావ్యతలను తెలియని సంఖ్య కెతో ఇచ్చి దాన్ని కనుక్కోమనేది. ఎక్స్ 0, 1, 2, 3కు వరుసగా కె, 3కె, 2కె², 3కె² అనుకోండి. మొత్తం 1 అంటే 5కె² + 4కె − 1 = 0, కె 1/5 లేదా −1. ఇక్కడ చాలామంది −1ని ఊరికే కొట్టేస్తారు. సంభావ్యత రుణాత్మకం కాదు కాబట్టి వదిలేశామని ఒక లైన్ రాయాలి, పేపర్లు దిద్దేటప్పుడు నేను చూసేది ఆ లైనే. సగటు 1.12, విస్తృతి 0.7456 వస్తాయి, చేసి సరిచూసుకో.

రెండోది బేయీ సిద్ధాంతం (బేయ్స్ థియరమ్), ఫలితం చూసి అది దేని నుంచి వచ్చి ఉంటుందో సంభావ్యత కట్టేది. ఫార్ములా గుర్తుండకపోతే వెయ్యి గింజలు ఊహించుకో. పత్తి విత్తనాల్లో 60 శాతం ఒక రకం, 40 శాతం రెండో రకం, మొలకెత్తనివి మొదటిదాంట్లో 5 శాతం, రెండోదాంట్లో 10 శాతం అనుకుందాం. 600లో 30, 400లో 40 మొలవవు. మొలవని గింజ ఒకటి చేతికొస్తే అది రెండో రకం కావడం 40/70, అంటే 4/7. ఇదే భిన్నాన్ని సంభావ్యతల్లో రాస్తే ఫార్ములా అదే వచ్చేస్తుంది.

నయీంనగర్ హాస్టల్:
అందరికీ చాలా థ్యాంక్స్. 23/30 చూపించగానే మావాడు సైలెంట్ అయిపోయాడు. చివరిగా ఒకటి: అవిచ్ఛిన్న చలరాశిలో (కంటిన్యువస్ రాండమ్ వేరియబుల్) 0 నుంచి 1 దాకా డెన్సిటీ 2ఎక్స్ అని ఇచ్చారు. 0.9 దగ్గర అది 1.8 అవుతోంది. సంభావ్యత 1 దాటొద్దు కదా, లెక్కే తప్పు ఇచ్చారా?

కాజీపేట జంక్షన్:
లెక్క సరిగానే ఉంది. 1.8 సంభావ్యత కాదు, ఆ చోట వక్రం ఎత్తు అంతే. సంభావ్యత అంటే దాని కింది వైశాల్యం. 0 నుంచి 1 దాకా మొత్తం వైశాల్యం 1 వస్తోందా లేదా చూసుకో, వస్తుంది. సరిగ్గా 0.9 రావడానికి సంభావ్యత సున్నా, 0.8కి 0.9కి మధ్య అయితే 0.81 − 0.64, అంటే 0.17. గీసి చూడు, త్రిభుజమే కాబట్టి ఇంటిగ్రేషన్ లేకుండానే వస్తుంది.