కడపలో కూర్చోబెట్టిన టైమ్‌ను రెస్ట్‌గా రాస్తున్నారు

మాది కర్నూలు, చార్టర్ (అద్దెకు బుక్ చేసుకునే) విమానాల్లో కో-పైలట్‌ని. పొద్దున 4:30కి హైదరాబాద్‌లో రిపోర్టింగ్. పెళ్లివాళ్లను కడపలో దింపి, 8 నుంచి సాయంత్రం 5 దాకా టెర్మినల్ కుర్చీల్లోనే ఉన్నాం. గది ఇవ్వలేదు. డ్యూటీ ముగిసేసరికి 7:30. మరుసటి రోజు పొద్దున మళ్లీ 5కి రమ్మన్నారు!

డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) నియమం ప్రకారం 12 గంటలు లేదా ముందు చేసిన డ్యూటీ అంత, ఏది ఎక్కువైతే అంత రెస్ట్ ఇవ్వాలి. కడపలో ఆగిన 9 గంటలూ రెస్టేనంటూ మా కంపెనీ ఆపరేషన్స్ వాళ్లు రికార్డులో రాసేశారు. మధ్యలో బ్రేక్ ఇస్తే డ్యూటీని పొడిగించుకోవచ్చేమో గానీ, రాత్రి రెస్ట్‌కు కోత పెట్టడమేంటి? అడిగితే ‘చార్టర్‌లో అంతా ఇంతే’ అన్నారు. చీఫ్ పైలట్‌కు పెట్టిన మెయిల్‌కు జవాబు లేదు. రోస్టర్ (డ్యూటీ షెడ్యూల్) స్క్రీన్‌షాట్లు తీసి చూపిస్తే, అవి ప్లాన్ మాత్రమేనన్నారు.

గది ఇవ్వకుండా టెర్మినల్‌లోనే ఉంచారని డీజీసీఏ ముందు నిరూపించడానికి ఏ ఆధారం నిలబడుతుంది?