ఉమ్మడి ఆన్‌లైన్ కోర్సు బోధించేవారు ముందు అందులో విద్యార్థిగా కూర్చోవాలా?

వాణిజ్యశాస్త్ర అధ్యాపకురాలు, గుంటూరు

విద్యార్థులు వీడియో చూసి, పరీక్ష రాసి వెళ్ళిపోయే ఆన్‌లైన్ కోర్సు గురించి నేను అడగడం లేదు. ఐదారుగురు చొప్పున బృందాలుగా చేరి, వేర్వేరు ఊళ్ళ నుంచి ఒకే నివేదికను కలిసి రాసి, ఒకరి పనిని ఒకరు పరిశీలించుకునే కోర్సు గురించి అడుగుతున్నాను. అటువంటి కోర్సును అప్పగించే ముందు అధ్యాపకులు కనీసం నాలుగు వారాలు అదే తరహా కోర్సులో విద్యార్థులుగా చేరి, తోటివారి చేత మార్కులు వేయించుకుని ఉండాలని, దీన్ని నిబంధనగానే పెట్టాలని నా వాదన.

2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయంలో ఒక్కో కోర్సుకు నాలుగు భాగాలు ఉంటాయి: వీడియో పాఠం, చదువుకునే సామగ్రి, స్వీయ పరీక్ష, చర్చావేదిక. నేను హాజరైన శిక్షణలన్నింటిలోనూ మొదటి భాగానికే సమయమంతా సరిపోయింది. కెమెరా ముందు ఎలా నిలబడాలో, స్లైడు మీద అక్షరాలు ఎంత పెద్దవిగా ఉండాలో నేర్పి, నాలుగో భాగాన్ని "చర్చను ప్రోత్సహించండి" అన్న ఒక్క వాక్యంతో ముగించారు. ఒక సెమిస్టరులో 40 శాతం వరకు కోర్సులను స్వయం ద్వారా చదవడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2021 నిబంధనలు అనుమతిస్తున్నప్పుడు ఆ ఒక్క వాక్యం చాలదు.

రెండేళ్ళ క్రితం అధ్యాపకుల కోసం నడిపిన ఒక ఆన్‌లైన్ రిఫ్రెషర్ కోర్సులో మేము ఆరుగురం ఒక బృందం. ముగ్గురు పరిచయ వాక్యం రాసిన తరువాత మళ్ళీ కనిపించలేదు. ఒకాయన ప్రతి సందేశానికీ నమస్కారం గుర్తు పెట్టి ఊరుకున్నారు. నేనూ, ఒక వృక్షశాస్త్ర అధ్యాపకురాలూ చివరి రోజు అర్ధరాత్రి దాటేదాకా కూర్చుని నివేదిక పూర్తి చేశాము. ఆరుగురికీ ఒకే గ్రేడు వచ్చింది. ఆ కోపాన్ని నేను ఎవరితోనూ చెప్పలేదు. నా విద్యార్థులు కూడా ఇన్నేళ్ళుగా నాతో చెప్పడం లేదని నాకు అప్పుడే తట్టింది.

గణాంకశాస్త్రం మాస్టారు, కరీంనగర్

మేడమ్ గారి అనుభవాన్ని నేను కాదనడం లేదు. దాని నుంచి నిబంధన పుట్టించడాన్నే వ్యతిరేకిస్తున్నాను. జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం పాఠశాల ఉపాధ్యాయులకు ఏటా 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలి. కళాశాలల్లో మన ప్రమోషన్లకు రిఫ్రెషర్ కోర్సులు ముడిపడి ఉన్నాయి. తప్పనిసరి అన్న మాట చేరిన ప్రతిచోటా లాగిన్ చేసి, కెమెరా ఆపి, ఇంటి పని చూసుకునేవారు తయారయ్యారు. మీ బృందంలో మాయమైన ముగ్గురూ సర్టిఫికెట్ తప్పనిసరి కాబట్టి వచ్చినవారే కదా? మీ నిబంధన అమలైతే వారే రేపు "అనుభవం ఉన్న" అధ్యాపకులవుతారు.

నా దృష్టిలో లోపం పనిని రూపొందించడంలో ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త ఎలియట్ ఆరన్సన్ 1971లో టెక్సాస్‌లోని ఆస్టిన్ పాఠశాలల్లో ప్రవేశపెట్టిన జిగ్‌సా పద్ధతిలో ప్రతి విద్యార్థి చేతిలో పాఠంలోని ఒక ముక్క మాత్రమే ఉంటుంది. నేను దీన్ని ఆన్‌లైన్‌లో ఇలా వాడుతున్నాను. ఐదుగురికి ఐదు మండలాల వర్షపాతం లెక్కలు విడివిడిగా ఇచ్చి, ఐదింటికీ కలిపి ప్రామాణిక విచలనం (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చూపే కొలత) కనుక్కోమంటాను. ఎవరి విచలనం వారు చెప్పేస్తే సగటు తీసి సరిపెట్టవచ్చని మొదట అనుకుంటారు, కానీ జవాబు తప్పుతుంది. ప్రతి మండలపు సగటూ, అంశాల సంఖ్యా కూడా ఉంటే తప్ప ఉమ్మడి విచలనం రాదు. కాబట్టి ఒకరినొకరు అడిగి తీరాలి. ఇటువంటి పనిని తయారుచేయడం నేర్పితే చాలు, అధ్యాపకుడిని మళ్ళీ విద్యార్థి బెంచీ మీద కూర్చోబెట్టనక్కరలేదు.

ఇక సమయం సంగతి. తరగతిలో 60 మంది ఉంటే పది బృందాలు అవుతాయి. ఒక్కో బృందం చర్చను వారానికి 20 నిమిషాలు చదివినా మూడు గంటల 20 నిమిషాలు పడుతుంది. మా కళాశాలలో ఆ గంటలు వర్క్‌లోడ్ కిందకు రావు. ముందు ఆ గంటలను లెక్కలోకి తీసుకోమని అడుగుదాము.

విశ్రాంత కౌన్సెలర్, హైదరాబాదు

దూరవిద్యలో చాలాకాలం పనిచేసినవాడిగా మేడమ్ గారి వైపే మొగ్గుతాను. 1982లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలసిన నాటి నుంచి దూరవిద్యకు పుస్తకమూ, ఆదివారం తరగతీ ఆధారంగా ఉంటూ వచ్చాయి. విద్యార్థులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం ఆ తరగతి బయట, టీ కొట్టు దగ్గరే జరిగేది. ఆన్‌లైన్ కోర్సులో ఆ టీ కొట్టును కూడా అధ్యాపకుడే నిర్మించాలి.

బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ అనుభవం ఆధారంగా ఆన్‌లైన్ బోధన పరిశోధకురాలు గిల్లీ సాల్మన్ ప్రతిపాదించిన నమూనాలో ఐదు మెట్లు ఉన్నాయి: ప్రవేశమూ ప్రేరణా, పరిచయాలు, సమాచార మార్పిడి, కలిసి జ్ఞానాన్ని నిర్మించుకోవడం, ఆపైన సొంత ఎదుగుదల. నేను చూసిన అధ్యాపకులలో అత్యధికులు మొదటి వారంలోనే నాలుగో మెట్టు మీద విద్యార్థులను నిలబెట్టి, వారు మాట్లాడటం లేదని బాధపడతారు. ఆ ఓపెన్ యూనివర్సిటీలో చర్చలను నడిపించే మోడరేటర్ల శిక్షణ కూడా ఆన్‌లైన్‌లోనే, అవే ఐదు మెట్ల మీదుగా నడిచింది. అయితే నాలుగు వారాలూ విద్యార్థిగానే ఉండటం వృథా. రెండు వారాల తరువాత అదే బృందానికి వంతులవారీగా మోడరేటర్లు కావాలి.

ఎం.ఎస్సీ. విద్యార్థిని, పార్వతీపురం

పెద్దల మధ్య మాట్లాడుతున్నందుకు మన్నించాలి. కోర్సు చర్చావేదికలో మేము రాసేది మార్కుల కోసం, అసలు పని జరిగేది వాట్సాప్‌లో. వేదికలో "మీ అభిప్రాయంతో ఏకీభవిస్తున్నాను" అని పది మంది రాస్తే చర్చ బాగా సాగుతోందని మా సారు సంతోషించారు. మా బృందంలో ఒకరికి రోజువారీ డేటా సాయంత్రానికే అయిపోతుంది. రాత్రి ఎనిమిదికి పెట్టిన వీడియో సమావేశానికి ఆమె రాకపోతే బాధ్యత లేదని రాశారు. అధ్యాపకులను విద్యార్థులుగా కూర్చోబెట్టేటట్టయితే ల్యాప్‌టాప్ లేకుండా, ఫోనుతో మాత్రమే కూర్చోబెట్టాలని నా విన్నపం.

వాణిజ్యశాస్త్ర అధ్యాపకురాలు, గుంటూరు

ఈ అమ్మాయి చెప్పిన షరతును నా ప్రతిపాదనలో చేర్చుకుంటున్నాను. నాకు తట్టనందుకు సిగ్గుపడుతున్నాను కూడా.

మాస్టారు గారూ, మీ వర్షపాతం లెక్క చక్కగా ఉంది, నేను దాన్ని లాభనష్టాల ఖాతాలకు మార్చి వాడుకుంటాను. కానీ ఐదుగురిలో ఇద్దరు మూడో రోజున మాయమైతే ఏమి చేస్తారు? రెండు మండలాల లెక్కలు లేకుండా మిగిలిన ముగ్గురికి జవాబే రాదు. పని ఎంత గట్టిగా అల్లితే ఒక పోగు తెగినప్పుడు నష్టం అంత ఎక్కువ. ఆ ఇద్దరి ముక్కలను మిగిలినవారికి ఎప్పుడు ఇవ్వాలి, వెళ్ళినవారిని ఏ మాటలతో వెనక్కి పిలవాలి అన్నది రూపకల్పన నేర్పదు. మార్కుల విషయమూ అంతే. ఆన్‌లైన్ తరగతులు నడిపే మూడ్ల్ సాఫ్ట్‌వేర్‌లోని వర్క్‌షాప్ సౌకర్యం విద్యార్థి సమర్పించిన పనికి ఒక మార్కు, ఇతరుల పనిని పరిశీలించిన తీరుకు వేరొక మార్కు ఇస్తుంది. ఆ రెండో మార్కు తక్కువ వచ్చినప్పుడు ఎలా ఉంటుందో తెలియనివారు దాన్ని కేవలం ఒక గడి అనుకుని వదిలేస్తారు.

గణాంకశాస్త్రం మాస్టారు, కరీంనగర్

మాయమైన విద్యార్థుల ముక్కలను నేను నాలుగో రోజు ఉదయం అందరికీ పంపేస్తున్నాను. అది సరైన పని అని చెప్పలేను, ఎందుకంటే అలా పంపుతానని తెలిసిన తరువాత మాయమయ్యేవారు పెరిగారు. ఈ ఒక్క విషయంలో మీ మాటకు బలం ఉందని ఒప్పుకుంటాను.

అయినా నిబంధన కంటే మెరుగైన దారి ఉంది. న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయం 2006లో నెలకొల్పిన కాయిల్ (దేశాల మధ్య ఉమ్మడి ఆన్‌లైన్ అభ్యసన) కేంద్రం పద్ధతిలో వేర్వేరు దేశాల అధ్యాపకులు ఇద్దరు ముందు తామే ఆన్‌లైన్‌లో కలిసి కోర్సును రూపొందించుకుంటారు, ఆ తరువాతే రెండు తరగతులనూ కలుపుతారు. పేచీ, ఆలస్యం, జవాబు రాని సందేశం అన్నీ విద్యార్థుల కంటే ముందు వారికే ఎదురవుతాయి. మనకు దేశాలు దాటనక్కరలేదు. వచ్చే సెమిస్టరులో నా గణాంక తరగతినీ, మీ వాణిజ్య తరగతినీ ధరల సూచీల మీద మూడు వారాలు కలుపుదామా?

వాణిజ్యశాస్త్ర అధ్యాపకురాలు, గుంటూరు

మా ప్రిన్సిపాల్ గారి అనుమతి తీసుకుని వస్తాను. ఆ మూడు వారాలలో మొదటి వారం నేను ఒక బృందంలో విద్యార్థిగా, ఫోనుతోనే ఉంటాను. ఆ సంగతి విద్యార్థులకు ముందే చెప్పాలి.

విశ్రాంత కౌన్సెలర్, హైదరాబాదు

సంతోషం. కానీ ఇష్టపడి ముందుకు వచ్చిన మీ ఇద్దరికీ ఎవరూ చెప్పనక్కరలేదు. నేను అడుగుతున్నది మేడమ్ గారి బృందంలో నమస్కారం గుర్తు పెట్టి ఊరుకున్న ఆ అధ్యాపకుడి గురించి. వచ్చే జూన్‌లో ఆయనకు 60 మంది విద్యార్థులతో ఇటువంటి కోర్సునే అప్పగిస్తే, జంటగా బోధించడానికి ఆయన ఎవరిని పిలుస్తారు, పిలిస్తే ఎవరు వెళ్తారు?