ఇల్లు ఖాళీ చేశాక గడప మీద పసుపుకు కూడా అడ్వాన్సులో కోత వేస్తారా?

పెట్టేబేడా (బెంగళూరు):

నమస్కారం. కొంచెం పెద్ద గోడు, ఓపిగ్గా చదవండి. మాది గుంటూరు. మూడేళ్ల నాలుగు నెలలు మారతహళ్లి దగ్గర ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటులో ఉన్నాం. పాప బడి దూరమవుతోందని గత నెలాఖరున ఖాళీ చేశాం. అద్దె 26,000. చేరినప్పుడు కట్టిన అడ్వాన్సు 2 లక్షలు. ఖాళీ చేసేటప్పుడు రంగుల కోసం ఒక నెల అద్దె మినహాయించుకుంటారని ఒప్పందంలోనే ఉంది. బెంగళూరులో ఇది మామూలే కదా అని సంతకం పెట్టాం. కాబట్టి ఆ 26,000 గురించి నాకు పేచీ లేదు.

పేచీ మిగతా వాటి మీద. తాళాలు ఇచ్చిన తొమ్మిదో రోజున ఇంటి యజమాని నుంచి వాట్సాప్‌లో లెక్క వచ్చింది. ఇల్లు శుభ్రం చేయించినందుకు 8,500. మేకుల రంధ్రాలు, గోడ మీద పాప గీసిన గీతలు పుట్టీతో సరిచేయించినందుకు 4,000. స్నానాల గదుల్లో కుళాయిలు, షవరు మార్చినందుకు 3,200. గుమ్మం పాలిషుకు 1,500. రంగుల డబ్బుతో కలిపి 43,200 తీసేసి, 1,56,800 ఖాతాలో వేశారు. గుమ్మానికి ఏమైందని ఫోను చేసి అడిగితే, గడపకు పసుపు పట్టేసిందట! శుక్రవారం శుక్రవారం రాసిన పసుపు అది. ఆయన తెలుగు చక్కగా మాట్లాడతారు, అందుకే నా చెవులు తప్పు విన్నాయని సరిపెట్టుకోవడానికి కూడా లేదు.

మేము ఇల్లు అలాగే వదిలేసి రాలేదు. సామాను లారీ ఎక్కగానే నేనూ, మా ఇంట్లో పనిచేసే ఆవిడా, ఆవిడ చెల్లెలూ కలిసి సాయంత్రం దాకా కడిగాం. ఇద్దరికీ కలిపి 1,500 ఇచ్చాను. ఫ్యాన్లు తుడిచాం, అల్మరాల్లో పరిచిన పాత పేపర్లు తీసి తడిబట్టతో తుడిచాం, బాల్కనీలో పావురాల రెట్ట గీకి గీకి కడిగాం. చిమ్నీ జాలీ మాత్రం తీయలేదు. స్టూలు అప్పటికే లారీలో వెళ్లిపోయింది, నాకు చేయి అందలేదు. ఆ ఒక్కటీ నా తప్పే.

ఇంకో మాట. నాలుగో రోజుకే కొత్తవాళ్లు పాలు పొంగించుకుని దిగిపోయారని వాచ్‌మన్ చెప్పాడు. మూడు రోజుల్లో ఇల్లంతా శుభ్రం చేసి, పుట్టీ పెట్టి, రంగులు వేసి, పాలిషు కూడా పట్టించారా? రంగుల డబ్బు పోను కోసుకున్న ఆ 17,200 తిరిగి అడగడం న్యాయమేనా, లేక నేనే అతిగా ఆలోచిస్తున్నానా?

కుందనహళ్లి పాతకాపు:

పద్నాలుగేళ్లలో బెంగళూరులో ఆరు ఇళ్లు మారినవాణ్ణి. మీరు అతిగా ఆలోచించడం లేదు. రంగుల డబ్బు సంగతి మీరే ఒప్పుకున్నారు, ఆయన వేయించినా వేయించకపోయినా ఇక దాన్ని అడగలేరు. కానీ పుట్టీ రంగుల పనిలో భాగం కాదా? ఏ పెయింటరైనా మేకు రంధ్రం పూడ్చి, గరుకు కాగితంతో రుద్ది, ఆ తరువాతే బ్రష్షు ముట్టుకుంటాడు. అంటే ఒకే పనికి మీ దగ్గర రెండుసార్లు వసూలు చేశారు. ముందు ఆ 4,000 అడగండి.

కుళాయిల విషయానికొస్తే, ఆ చుట్టుపక్కల అపార్టుమెంట్లలో చాలావాటికి బోరునీళ్లూ ట్యాంకరు నీళ్లే గతి. ఆరు నెలలు తిరగకుండానే కుళాయి మూతికి తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. నీళ్లు చేసిన పనికి మీరెందుకు కట్టాలి? ప్రతిదానికీ బిల్లు అడగండి. గొడవ పెట్టుకోకుండా "లెక్క రాసుకోవాలి, బిల్లులు పంపగలరా" అని మెత్తగా అడిగితే చాలు, సగం కోతలు వాటంతటవే కరిగిపోతాయి. చేరిన కొత్తలో తీసిన ఫోటోలు ఏమైనా ఉంటే వెతకండి.

నిజాంపేట ఇంటివాడు:

నేను అటువైపు మనిషిని, హైదరాబాదులో రెండు వాటాలు అద్దెకిస్తాను. మా పేటలో అడ్వాన్సు రెండు నెలలే తీసుకుంటాం, కాబట్టి మీ రెండు లక్షల మాట వినగానే గుండె ఝల్లుమంది. అయినా యజమానుల గోడు కూడా కొంత వినండి. రెండేళ్ల క్రితం ఒకాయన ఖాళీ చేస్తూ బాత్‌రూమ్ తళతళలాడాలని యాసిడ్ గుమ్మరించాడు. ఆ యాసిడ్ బయట హాల్లో మార్బుల్ మీదికి పారింది. మార్బుల్ సున్నపురాయి జాతి కదా, యాసిడ్ పడిన మేర నునుపంతా తినేసింది. మళ్లీ పాలిషు పట్టించడానికి 11,000 అయింది. పాపం, ఆయన శుభ్రం చేద్దామనే చేశాడు! అందుకే ఇప్పుడు ఖాళీ చేసేవాళ్లకు ముందే చెబుతాను: మార్బుల్ మీద యాసిడే కాదు, వెనిగరు, నిమ్మరసం కూడా వద్దు, సబ్బునీళ్లు చాలు. కుళాయి మూతికి పట్టిన ఉప్పుకు మాత్రం వెనిగరులో తడిపిన గుడ్డ ఒక అరగంట చుట్టి ఉంచితే, పాత బ్రష్షుతో రుద్దగానే ఊడివస్తుంది.

నేను చూసే తేడా ఒకటే. మురికైతే అద్దెకున్నవాళ్లు వదిలించాలి, అరుగుదలైతే నేను భరించాలి. పొయ్యి వెనక టైల్స్ మీద పోపు జిడ్డు, చిమ్నీ జాలీ, ఫ్రిజ్ వెనక దుమ్ము మురికి. వెలిసిన రంగు, వదులైన కుళాయి, వానలకు బిగిసిన తలుపు అరుగుదల. మీ చిమ్నీకి ఒకటి రెండు వేలు కోసుకోవడం న్యాయమే. 8,500 అన్యాయం. ఇక గడప పసుపుకు డబ్బులు అడిగిన ఇంటివాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. పసుపు రంగు ఎండ తగిలితే దానంతటదే వెలిసిపోతుంది. మా ఇంట్లో అద్దెకున్నవాళ్లు రాయకపోతే మా ఆవిడే గొణుగుతుంది.

సెక్షన్ సుబ్బయ్య:

నాకు చట్టాల పిచ్చి, క్షమించాలి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్, (ఎమ్) క్లాజు చూడండి. చేరినప్పుడు ఇల్లు ఏ స్థితిలో ఉందో అదే స్థితిలో తిరిగి అప్పగించాలి, కానీ మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడు. అయితే అదే సెక్షన్ మొదట్లోనే ఒక మెలిక ఉంది: ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ వేరుగా లేకపోతేనే ఇవన్నీ వర్తిస్తాయి. రంగుల నెల అద్దె మీ ఒప్పందంలో ఉంది కాబట్టి నిలబడుతుంది. గడప పాలిషు అందులో రాసి ఉందా?

2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టంలో ఇంకా వివరంగా పంచారు. గోడలకు వెల్ల, తలుపులకు కిటికీలకు రంగు యజమాని వంతు. కుళాయిలు, వాటి వాషర్లు, గీజరు మరమ్మతు, స్విచ్చులు, మురుగు తూములు శుభ్రం చేయడం అద్దెదారు వంతు. అంటే కుళాయిల విషయంలో పాతకాపు గారి వాదనకు అందులో బలం తక్కువే. ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదనీ, ఇల్లు అప్పగించిన రోజే బాకీలు పోను మిగిలింది ఇచ్చేయాలనీ కూడా ఉంది. కాకపోతే అది నమూనా మాత్రమే, రాష్ట్రం స్వీకరిస్తేనే అమలు. మరీ మొండికేస్తే లాయరు నోటీసు, ఆపైన సివిల్ కోర్టు ఉన్నాయి, గడువు మూడేళ్లు. కానీ 17,200 కోసం కోర్టు మెట్లెక్కమని నేను చెప్పను.

డాలస్ పప్పుచారు:

ఇక్కడ టెక్సస్‌లో ఖాళీ చేశాక 30 రోజుల్లో డిపాజిట్ ఇవ్వాలి. ఏదైనా కోసుకుంటే దేనికెంతో పట్టీ రాసి పంపాలి. దురుద్దేశంతో ఎగ్గొడితే, ఆపిన మొత్తానికి మూడింతలు, దానిపై వంద డాలర్లు కట్టాల్సి వస్తుంది. అయినా మాకూ పసుపుతో తిప్పలే, కాకపోతే కార్పెట్ మీద. చేరిన రోజున ఏ గోడకు ఏ గీత ఉందో రాసి ఇవ్వడానికి ఒక కాగితం ఇస్తారు. బద్ధకించకుండా నింపితే అదే మనల్ని కాపాడుతుంది.

పెట్టేబేడా (బెంగళూరు):

అందరికీ ధన్యవాదాలు. పదిహేను రోజుల తరువాత మళ్లీ రాస్తున్నాను.

నా ఫోనులో పాత ఫోటోలు ఏవీ లేవు. రెండు ఫోన్లు మారాయి. అప్పుడు గుర్తొచ్చింది, పాలు పొంగించిన రోజు మోకాళ్ల నొప్పులతో మా అత్తయ్య రాలేకపోతే, ఆవిడ కోసం మావారు ఇల్లంతా తిప్పి వీడియో తీసి పంపారు. అత్తయ్య ఏదీ చెరిపేసే మనిషి కాదు. "గుడ్ మార్నింగ్" గులాబీపూలతో సహా అన్నీ ఆవిడ ఫోనులో భద్రంగా ఉన్నాయి. వీడియో దొరికింది. అందులో షవరుకు అప్పటికే తెల్లగా ఉప్పు పట్టి ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా, గడప పచ్చగా ఉంది! మాకంటే ముందున్నవాళ్లు రాసిన పసుపు.

బిల్లులు అడిగితే మూడు రోజులు జవాబు లేదు. ఆదివారం ఇద్దరం వెళ్లి వీడియో చూపించాం. ఆయన రెండుసార్లు చూశారు. రెండోసారి గడప దగ్గర ఆపి పెద్దది చేసి చూశారు. గుమ్మం పాలిషు మాట మళ్లీ ఎత్తలేదు. కుళాయిలు మార్చలేదని, షవరు ఒక్కటే మార్చామని చెప్పి 900 బిల్లు చూపించారు. పాతదే అయినా పోనీలే అని ఒప్పుకున్నాను. చిమ్నీ, మిగతా శుభ్రతకు కలిపి 2,500 నేనే అన్నాను. పుట్టీ దగ్గర మాత్రం ఇద్దరం మొండికేశాం. చివరికి ఆయన భార్య కాఫీ తెచ్చి ఇచ్చాక చెరి 2,000 అనుకున్నాం. మిగతా 11,800 ఆ రాత్రే ఖాతాలో పడింది.

కొత్త ఇంట్లో గడప టేకుది, కొత్తగా పాలిషు పట్టించారు. మొన్న శుక్రవారం మా అమ్మ ఫోను చేసి పసుపు రాశావా అని అడిగింది. ముందు ఫోటో తీసి, ఇంటివాళ్లకు పంపి, ఆ తరువాత రాశాను.