పొలానికి చిన్న టార్చి: ఛార్జింగ్‌దా, సెల్లులదా?

మిర్చికల్లం: నాన్నకి చిన్న టార్చి ఒకటి కొనాలి. గుంటూరు దగ్గర ప్రత్తిపాడు వైపు మా ఊరు. ఫిబ్రవరి వచ్చిందంటే కాయలు కల్లంలో ఆరబోసి రాత్రిళ్ళు అక్కడే కాపలా పడుకుంటాడు, అర్ధరాత్రి లేచి పట్టాలు సర్దుతుంటాడు. సంతలో కొన్న 180 రూపాయల ప్లాస్టిక్ ఛార్జింగ్ లైటు ఏడాదికొకటి పోతోంది. జేబులో పట్టాలి, చేతిలోంచి జారి రాయి మీద పడినా పగలకూడదు, మంచుకి పాడవకూడదు. 1500 దాకా పెట్టగలను. ఛార్జింగ్‌ది కొనాలా, సెల్లులు మార్చుకునేది కొనాలా అన్నదే తేలట్లేదు.

బెజవాడ_బుల్లోడు: ఫోన్లో టార్చి ఉండగా ఇంత టెన్షన్ ఎందుకు బ్రో

మిర్చికల్లం: నాన్నది బటన్ల ఫోన్ అన్నా. దాని వెలుగు కాలి బొటనవేలి దాకా కూడా రాదు.

కొండవీటి_బాట: నేను నెలకోసారైనా కొండవీడు ఎక్కుతా, చీకట్లో దిగడం అలవాటే, ఇప్పటికి పది టార్చిలు మార్చాను కాబట్టి చెబుతున్నా. 18650 అనే ఛార్జింగ్ లిథియం సెల్లు వేసే అల్యూమినియం టార్చి తీసుకోండి. సెల్లు బయటికి తీయగలిగేది, టైప్-సి ఛార్జింగ్ ఉన్నది. ఆ సెల్లు 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు, అందుకే ఆ పేరు. ఆ సైజు సెల్లులో ఛార్జి మామూలుగా 3500 ఎంఏహెచ్ చుట్టుపక్కలే పడుతుంది. 9900 అని రాసి అమ్మేది ఎవరిచ్చినా తీసుకోవద్దు, పచ్చి అబద్ధం. లూమెన్ల వెంట, అంటే వెలుగు ఎంతో చెప్పే అంకె వెంట పడొద్దు. 1000 అని డబ్బా మీద ఉంటుంది, రెండు నిమిషాల్లో ఒళ్ళు వేడెక్కి తనే తగ్గించేసుకుంటుంది. నడవడానికి 100, 150 చాలు. పది గంటలు వెలుగుతుందని రాస్తే అది మొదటి వెలుగులో పదో వంతుకి పడిపోయేదాకా పట్టిన టైము, కొలిచే పద్ధతే అది. ఇంకోటి, మరీ నీలంగా ఉండే తెల్ల లైటు వద్దు. మట్టి మీద రక్తపింజరి పడుకుని ఉంటే ఆ వెలుగులో ఎండుటాకుల కుప్పలా కనపడుతుంది. కాస్త పసుపు కలిసిన తెలుపైతే రంగులు తేలతాయి. నీళ్ళకి ఐపీఎక్స్ 7 ఉండాలి, అంటే మీటరు లోతులో అరగంట ఉన్నా పాడయ్యేంత నీరు లోపలికి పోదు.

సింగ్‌నగర్2024: పోతుంది. నా దగ్గరున్నదాని డబ్బా మీద కూడా ఐపీఎక్స్ 7 అనే ఉంది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి మా ఇంట్లోకి వచ్చినప్పుడు మెట్ల మీద నీళ్ళలో పడింది, తర్వాత చూస్తే అద్దం లోపల ఆవిరి. అమ్మినవాడు "నీటి వల్ల పాడైతే వారంటీ వర్తించదు" అన్నాడు. నీళ్ళలో పడినా ఏమీ కాదని అమ్మి, నీళ్ళలో పడింది కాబట్టి మార్చనంటే ఎట్లా? తమ్ముడూ, సెల్లులదే కొను. ఏఏ సెల్లు, గోడ గడియారంలో వేసేది. ఏ ఊరి కిరాణా కొట్లో అడిగినా ఇస్తారు. మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు, టైప్-సి పెట్టుకుని ఎవడికి చెప్పుకోవాలి?

కొండవీటి_బాట: ఛార్జింగ్ రంధ్రం మీద రబ్బరు మూత ఉంటుంది. అది సరిగ్గా నొక్కి ఉంచారా?

సింగ్‌నగర్2024: ఉంచాం.

కొండవీటి_బాట: వెనక మూత తిప్పేచోట ఓ-రింగు, అదే నీళ్ళు ఆపే రబ్బరు చుట్టు, ఎండిపోయి ఉందేమో. ఏడాదికోసారి సిలికాన్ గ్రీజు రాయాలి. చాలామంది వాసెలిన్ రాస్తారు, దానికి కొన్ని రకాల రబ్బరు ఉబ్బి వదులైపోతుంది.

సింగ్‌నగర్2024: 2200 పెట్టి కొన్న లైటుకి మళ్ళీ గ్రీజు, నూనె, పసుపు కుంకుమ కూడానా?

పటమట_తాతయ్య: మా నాన్నగారిది మూడు సెల్లుల ఇత్తడి బ్యాటరీ లైటు. పామునైనా కొట్టొచ్చు, కుక్కనైనా అదిలించొచ్చు. వెలుగు తగ్గితే సెల్లులు ఎండలో పెట్టేవాళ్ళం. ఇప్పుడు అలాంటివి ఎక్కడ దొరుకుతాయో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

కొండవీటి_బాట: అలాంటివి చాలావరకు ఎట్లా పోయాయో అడగండి తాతయ్యగారిని. సెల్లు లోపలే కారి, స్ప్రింగు చుట్టూ తెల్లగా సున్నంలా పొడి కట్టి, మూత తిరక్కుండా బిగుసుకుపోయి. ఎర్ర సెల్లు అయినా ఆల్కలైన్ అయినా ఏడాది వదిలేస్తే చాలాసార్లు అదే గతి. "సెల్లులది కొను, అల్మరాలో పడెయ్" అనే సలహా ఇచ్చేవాళ్ళు ఈ సంగతి చెప్పరు.

సింగ్‌నగర్2024: చెబుతున్నా విను. సెల్లులు విడిగా కవర్లో కట్టి లైటు పక్కన పెట్టాలి. లేదా ఛార్జింగ్ చేసుకునే ఏఏ సెల్లులు వేసుకోవాలి, అవి అలా కారిపోవడం అరుదు. మరి నీ లిథియం సెల్లు సంగతి? రోహిణి కార్తెలో కారు డాష్‌బోర్డు మీద వదిలేస్తే ఎంతకాలం బతుకుతుందో కూడా చెప్పు.

కొండవీటి_బాట: కారు డాష్‌బోర్డు మీద నేను ఏదీ పెట్టను. మీరు అసలు విషయం దాటేస్తున్నారు. ఐపీఎక్స్ 7 అబద్ధం అన్నారు, అది రుజువు చేయండి. నాది కొండవీడు చెరువులో పడింది, తీసి తుడుచుకుంటే ఇప్పటికీ వెలుగుతోంది. వాడటం చేతకాక వస్తువు మీద పడితే ఎట్లా?

సింగ్‌నగర్2024: చేతకాకా? పిక్నిక్కి వెళ్ళి చెరువులో పడేసుకోవడం, పీకల్లోతు మురుగు నీళ్ళలో పడటం ఒకటేనా? మూడు రాత్రులు మేడ మీద చీకట్లో కూర్చున్నది నువ్వు కాదు.

కొండవీటి_బాట: మీరు కూర్చున్నారా?

బెజవాడ_బుల్లోడు: అన్నా వద్దు ఇక ఆపండి

మిర్చికల్లం: దయచేసి గొడవ పడకండి, నేను టార్చి అడిగాను అంతే.

సింగ్‌నగర్2024: పొద్దున్నుంచి రాయాలా వద్దా అని చూస్తున్నా. లేదు, నేను లేను. హైదరాబాద్‌లో ఉన్నా. అమ్మ ఒక్కతే ఇంట్లో. నీళ్ళు నడుము దాకా వస్తే పైవాటా వాళ్ళ దగ్గరికెళ్ళింది. ఫోన్ మరుసటి రోజుకే ఆగిపోయింది. లైటు నేనే కొని అంతకుముందు సంక్రాంతికి ఇచ్చి వచ్చా, అందులో ఏడు రకాల వెలుగులు. మీట సగం నొక్కితే ఒకటి, పూర్తిగా నొక్కితే ఒకటి, పట్టుకుంటే ఒకటి. ఆ రాత్రి అమ్మ నొక్కితే అది వెలిగి ఆరుతూ టపటపా కొట్టుకోవడం మొదలెట్టిందట. పాడైపోయింది కాబోలు, షాక్ కొడుతుందేమోనని చీర చెంగుతో పట్టుకుని ఆపేసి గూట్లో పెట్టేసింది. ఇక ముట్టుకోలేదు. పైవాటా ఆవిడ గోడ గడియారాల్లోంచి రెండు సెల్లులు పీకి ప్లాస్టిక్ లైటులో వేస్తే దాంతోనే గడిపారు. పడవ వస్తే దాన్నే ఊపారు.

కొండవీటి_బాట: అంటే మీ టార్చి పాడవలేదా?

సింగ్‌నగర్2024: ఇప్పటికీ వెలుగుతుంది. ఆవిరి మాత్రం నిజం.

కొండవీటి_బాట: సరే. అలా అడిగి ఉండకూడదు, క్షమించండి అన్నా. కొట్టుకునే లైటు కూడా పనికొచ్చేదే, దూరం నుంచి పడవ వాళ్ళకి త్వరగా కనపడుతుంది, కాకపోతే అది ఎందుకుందో ఆవిడకి ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది.

సింగ్‌నగర్2024: ఎవరో ఒకరు కాదులే, నేనే. డబ్బా విప్పి చేతిలో పెట్టి బస్సెక్కేశా. అందుకే తమ్ముడితో మొదటి నుంచీ మొత్తుకుంటున్నా, ఒక్క మీట, ఒక్క వెలుగు, మహా అయితే రెండు. నీకేం, నువ్వు రోజూ చేతిలో పట్టుకుంటావు. ఏడాదికి రెండు నెలలు వాడే మనిషి చేతికి ఏది సరిపోతుందో అది వేరే లెక్క.

కొండవీటి_బాట: మరి ఇదే మొదట చెప్పొచ్చుగా, నీళ్ళు నీళ్ళు అంటూ రెండు రోజులు లాగారు. అయినా ఐపీఎక్స్ 7 విషయంలో నా మాటే రైటు. ఆవిరి అంటే లోపలున్న గాలి చల్లబడి కూడా పడుతుంది.

సింగ్‌నగర్2024: పడదు.

మిర్చికల్లం: నిన్న నాన్నతో మాట్లాడా. ఏది కావాలి అంటే "చలికి వేళ్ళు కొంకర్లు పోతాయిరా, మీట పెద్దదిగా ఉంటే చాలు" అన్నాడు. ఆ మాట ఇక్కడ ఎవరం అనుకోలేదు. రెండు ఏఏ సెల్లుల అల్యూమినియంది, వెనకవైపు మీట, రెండే వెలుగులు, 850 రూపాయలు, ఆర్డర్ పెట్టేశా. ఆదివారం ఊరెళ్ళి ఆయన చేతే నాలుగుసార్లు నొక్కించి వస్తా.

పటమట_తాతయ్య: ఇత్తడివి దొరకవా అయితే?