ఇంటర్వ్యూ ఇచ్చిన కూలీకి డబ్బులివ్వాలా, వద్దా?

రేకులషెడ్డు:
నాది బెంగళూరులో సోషియాలజీ పీహెచ్‌డీ. అనంతపురం, పాలమూరు వైపు నుంచి బేల్దారి, సెంట్రింగు పనులకొచ్చినవాళ్ల మీద. ఆదివారాలు వైట్‌ఫీల్డ్ వెనకాల షెడ్లకు వెళ్లి మాట్లాడుతుంటాను. మొన్న ఒకావిడ బట్టలు ఉతుక్కుంటూనే అడిగినవాటన్నిటికీ జవాబు చెప్పి, చివర్లో "ఇంతసేపు మాట్లాడిచ్చినావు కదా పాపా, దీనికి కూలేమన్నా ఉందా?" అంది. నవ్వుతూనే అంది గానీ నాకు నోట మాట రాలేదు. మా గైడ్ పైసా ఇవ్వొద్దంటారు, డేటా చెడిపోతుందని. మీరేమంటారు?

సుబ్బారావు_సర్వే:
గైడ్ చెప్పిందే రైటమ్మా. చాలా ఏళ్లు సర్వేల్లో తిరిగినవాణ్ణి, చెబుతున్నా. డబ్బులిస్తారని తెలిస్తే ముందు దిగేది మేస్త్రి. తన మనుషుల్ని నలుగుర్ని వెంటేసుకొచ్చి కూర్చోబెడతాడు. అడ్వాన్సు ఎంతిచ్చాడు, వారం లెక్కలో ఎంత కోశాడు, మీకు కావాల్సింది అదే కదా? అతని ఎదుట ఎవడు చెబుతాడు? పైగా ఎన్నడూ తాపీ పట్టనివాడు కూడా "నేనూ బేల్దారినే" అంటాడు. జనాభా లెక్కలవాళ్లు ఎవరికైనా డబ్బులిచ్చారా?

కోలార్_అమ్మాయి:
జనాభా లెక్కలకు 1948 నాటి చట్టముంది సార్. జవాబు చెప్పనంటే జరిమానా. మనకేముంది? వాళ్ల మంచితనమే.

2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ (మనలాంటి రీసెర్చ్ స్టూడెంట్లకిచ్చే ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలు. ఆ డబ్బు తీసుకునేది వాళ్ల మాటలు రాసుకోవడానికే. వాళ్లకు మాత్రం వారంలో దొరికే ఒక్క ఆదివారం పోతుంది. వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 నియమావళి ఆరోగ్య పరిశోధనలకు రాసిందే అయినా, అందులో దారిఖర్చు, పోయిన కూలి ఇవ్వొచ్చనే ఉంది. ఆశపెట్టి లాగేంత ఉండకూడదు, అంతే. అంతెందుకు, 1950ల మొదట్లో మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటను అధ్యయనం చేసినప్పుడు ఉస్మానియా నుంచి వైద్యం, వ్యవసాయం చదివినవాళ్లు కూడా ఊళ్లో దిగి సేవ చేశారు. ఉత్త చేతులతో పోలేదు.

గోదారిగాలి:
చాయ్ ఇప్పించి రెండు గంటలు కూర్చోబెట్టడాన్ని మా డిపార్ట్‌మెంట్‌లో "రాపో" (చనువు పెంచుకోవడం) అంటారు 😀

సుబ్బారావు_సర్వే:
దూబేగారి సంగతి వేరమ్మా. ఆ మందులు ఊరికి. ప్రశ్నకు జవాబు చెప్పినవాడికి ఇంతని లెక్కకట్టి ఇచ్చినవి కావు. మీరు కూడా షెడ్లలో పిల్లలకు బడి అడ్మిషనో, వాళ్లకు లేబర్ కార్డు ఫారమో నింపిపెట్టండి, ఎవరొద్దన్నారు?

పాతనోట్సు:
డబ్బిస్తేనే జవాబు వంకరపోతుందా? 1948లో సోషియాలజిస్టు ఎం.ఎన్. శ్రీనివాస్ మైసూరు దగ్గరి పల్లెలో ఉన్నారు (రాంపుర అని మారుపేరు పెట్టారు). ఊరిపెద్ద ఇచ్చిన చోట బస. ఆ ఊరిని తాను పైకులాల మగవాళ్ల వైపు నుంచే ఎక్కువ చూశానని తర్వాత ఆయనే రాసుకున్నారు. ఆ వంకర డబ్బు తెచ్చింది కాదు, దిగిన ఇల్లు తెచ్చింది. మీ థీసిస్‌లో "షెడ్లలోకి ఎవరి ద్వారా వెళ్లాను" అన్నది రాశారా? మేస్త్రి ద్వారానే వెళ్లుంటే, కూలివ్వకపోయినా సుబ్బారావుగారు చెప్పిన ప్రమాదం అప్పటికే జరిగిపోయినట్టే.

నా లెక్కలో సగం పూట కూలి ఇవ్వాలి. అందరికీ ఒకటే రేటు. మధ్యలో లేచిపోయినా, "ఇది చెప్పను" అన్నా అదే ఇవ్వాలి. అప్పుడు నచ్చే జవాబు చెప్పాలన్న టెన్షన్ ఉండదు.

సుబ్బారావు_సర్వే:
మధ్యలో లేచిపోయినా ఇవ్వడం... సరే, అది ఆలోచించాల్సిందే. మేస్త్రి సంగతి మాత్రం వదలను. ఇచ్చేదేదో షెడ్ల దగ్గర ఇవ్వకండి. ఫోన్‌పేలో వేయకండి, మొగుడి ఫోన్‌కు పోతుంది. ఆమె చేతికే ఇవ్వండి.

రేకులషెడ్డు:
మేస్త్రి ద్వారా వెళ్లలేదు, మా ఊరి చుట్టాలావిడ ద్వారా. అది కూడా రాస్తాను. సగం పూట కూలికి గైడ్ మెత్తబడ్డారు గానీ అకౌంట్స్ సెక్షన్ అడ్డం తిరిగింది. ప్రతి వోచర్‌కూ పేరు, సంతకం, ఆధార్ కాపీ కావాలట. ఎథిక్స్ కమిటీకేమో పేర్లు ఎక్కడా కనబడకూడదని రాసిచ్చాను!

కోలార్_అమ్మాయి:
మాకూ ఇదే తగులుకుంది. మనిషికో కోడ్ నంబర్, ఎదురుగా మొత్తం, కింద గైడ్ సంతకం, పైన ఎథిక్స్ కమిటీ లెటర్. మూడుసార్లు తిప్పి పంపారు గానీ చివరికి పాసయింది. లెటర్ ముందే తీసుకోండి, బిల్లు పెట్టాక ఇవ్వరు.