30 హెచ్‌పీ పంపు ఊగుడు: బేరింగులు రెండుసార్లు మార్చినా తగ్గుతలేదు

మిర్యాలగూడ_ఫిట్టర్:
బాయిల్డ్ రైస్ మిల్లులో వడ్లు నానబెట్టే ట్యాంకులకు వేడినీళ్లు కొట్టే ఎండ్ సక్షన్ పంపు. 1480 ఆర్‌పీఎం, టైర్ కప్లింగ్ (మోటారు, పంపు షాఫ్టులను కలిపే రబ్బరు టైరు), నీళ్లు 70 డిగ్రీలు. కప్లింగ్ పక్క పంపు బేరింగ్ మీద ఊగుడు రీడింగ్ అడ్డం 5.2, షాఫ్ట్ దిశలో 7.8 మి.మీ./సె. కొత్త బేరింగులు వేస్తే వారం బాగుంటది, మళ్ల మొదలు. ఇంపెల్లర్ (నీళ్లను తోసే రెక్కల చక్రం) బ్యాలెన్సింగ్‌కు హైదరాబాద్ పంపమంటున్నరు. పంపాల్నా?

వాడపల్లి_మెయింటెనెన్స్:
ఇప్పుడే విప్పకండి. బ్యాలెన్స్ పోతే అడ్డం, నిలువు ఎక్కువ కొట్టాలి. మీకు షాఫ్ట్ దిశలోనే ఎక్కువ ఉంది, అంటే అనుమానం అలైన్‌మెంట్ (మోటారు, పంపు షాఫ్టులు ఒకే గీతలో ఉండటం) మీదే. ముందు కప్లింగ్ విప్పి మోటారు ఒక్కటే తిప్పండి. దాని రీడింగ్ తక్కువ వస్తే మోటారును పక్కన పెట్టొచ్చు. ఎక్కువే ఉంటే, నడుస్తుండగా కరెంటు తీయండి: ఊగుడు ఆ క్షణమే పోతే కరెంటు తేడా (స్పెక్ట్రమ్‌లో, అంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత ఊగుడో చూపే గ్రాఫులో, 100 హెర్ట్జ్), స్పీడుతో పాటు మెల్లగా తగ్గితే మెకానికల్.

డయల్‌గేజ్_నల్లగొండ:
చిన్న సవరణ. ఎండ్ సక్షన్‌లో ఇంపెల్లర్ బేరింగుల బయట వేలాడుతుంది కాబట్టి బ్యాలెన్స్ పోయినా షాఫ్ట్ దిశలో రీడింగ్ పెరుగుతుంది. అనలైజర్ దొరికితే స్పెక్ట్రమ్ తీయించండి. షాఫ్ట్ తిరిగే వేగం 24.7 హెర్ట్జ్ ఒక్కటే నిటారుగా నిలబడితే బ్యాలెన్స్. దానికి రెట్టింపు 49.3 కూడా గట్టిగా ఉంటే అలైన్‌మెంట్. ఆరు రెక్కల ఇంపెల్లర్ అయితే 148 దగ్గర రెక్కల దెబ్బ కనబడుతుంది. ఇంకా తేల్చాలంటే కప్లింగ్‌కు అటూ ఇటూ ఫేజ్ (రెండు పక్కలా ఒకేసారి ఊగుతున్నాయా, ఎదురెదురుగానా) చూడాలి, షాఫ్ట్ దిశలో 180 డిగ్రీల తేడా ఉంటే అలైన్‌మెంటే.
మన బోరు నీళ్లతో ఇంకో తంటా. ఇంపెల్లర్‌కు సున్నం పేరుకుని ఒక పక్క పెచ్చు ఊడితే బ్యాలెన్స్ పోయినట్టే. బ్యాలెన్సింగ్ ఖర్చు పెట్టేముందు గీకి చూడండి.

పాలమూరు_లిఫ్ట్:
సక్షన్ మర్చిపోవద్దు జర. 70 డిగ్రీల నీళ్లంటే ఆవిరి పీడనమే 3.2 మీటర్ల హెడ్ తింటది. 30 డిగ్రీల దగ్గర అర మీటరు కూడా కాదు. డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టు మోగితే కేవిటేషన్ (నీళ్లల్ల ఆవిరి బుడగలు పుట్టి పగులుడు). డెలివరీ వాల్వు కొంచెం మూసి చూడు, మోత తగ్గితే అదే. సక్షన్ వాల్వు మాత్రం ముట్టుకోకు. సక్షన్ పైపు సైజు తగ్గించే రెడ్యూసర్ ఎక్సెంట్రిక్‌దై (ఒక పక్క చదునుగా ఉండేది), చదును పక్క పైకి ఉండాలె. లేకుంటే గాలి బుడగ అక్కడే కూసుంటది.

మిర్యాలగూడ_ఫిట్టర్:
గులకరాళ్ల మోత లేదు. మోటారు ఒక్కటే తిప్పితే 1.1. టైర్ కప్లింగే కదా, అలైన్‌మెంట్ అంత పట్టించుకోవద్దన్నరు.

డయల్‌గేజ్_నల్లగొండ:
ఆ మాటే చాలా బేరింగులను మింగింది. రబ్బరు చిరగదేమో గానీ భారం బేరింగు మీద పడుతుంది. టైరు గ్యాపు తప్పితే షాఫ్టును లాగుతుంది కూడా. వరుసగా ఇవి చూడండి.
మొదట కాళ్లు. ఒక్కో బోల్టు వదులు చేసి డయల్ గేజ్ (చిన్న కదలికను ముల్లుతో కొలిచేది) చూడండి, 0.05 మి.మీ. దాటి లేస్తే అక్కడ షిమ్ (కాలి కింద పెట్టే పలుచని రేకు) కావాలి. స్టీలు షిమ్‌లే, కూల్‌డ్రింక్ డబ్బా ముక్కలు వద్దు.
తర్వాత పైపు లాగుడు. నాకు అసలు అనుమానం దీని మీదే. డయల్ బేస్ మోటారు హబ్ మీద, ముల్లు పంపు హబ్ మీద పెట్టి, డెలివరీ ఫ్లేంజ్ బోల్టులు వదలండి. ముల్లు 0.05 దాటి కదిలితే పైపే పంపును వంచుతోంది. అప్పుడు అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేసినా నిలవదు.
చివరగా అలైన్‌మెంట్. వేడెక్కాక మరోసారి చూడాలి. 200 మి.మీ. ఎత్తున్న పోత ఇనుప కేసింగ్ మొత్తం 40 డిగ్రీలు వేడెక్కితే 0.08 దాకా లేస్తుంది.

మిర్యాలగూడ_ఫిట్టర్:
ఫ్లేంజ్ వదలంగనే ముల్లు 0.42 కదిలింది. ఫ్లేంజుల నడుమ 4 మి.మీ. సందు, బోల్టులతో గుంజి కట్టిన్రు. బెండు కింద సపోర్టే లేదు. పైపు కోసి మళ్ల అతికించినం, సపోర్టు పెట్టినం, అలైన్‌మెంట్ 0.05 లోపల. ఇప్పుడు షాఫ్ట్ దిశలో 1.9, అడ్డం 2.3.

వాడపల్లి_మెయింటెనెన్స్:
బాగుంది. వెల్డింగ్ ఎర్త్ ఎక్కడ కట్టారు?

మిర్యాలగూడ_ఫిట్టర్:
పంపు బేస్‌ప్లేటుకు.

వాడపల్లి_మెయింటెనెన్స్:
అతికే చోటు పక్కనే ఆ పైపుకే కట్టాల్సింది. ఆ కరెంటు బేరింగుల గుండా పోయి ఉంటే గోళీలు నడిచే దారిలో గుంటలు పడి ఉంటాయి. అవి ఇప్పుడు మి.మీ./సె. రీడింగ్‌లో దొరకవు. రోజూ హౌసింగ్ మీద స్క్రూడ్రైవర్ ఆనించి వినండి, ఒక జత బేరింగులు స్టోర్‌లో పెట్టుకోండి.